ఐదువందల సంతకాలు – 11: అద్దుడు కాగితం మీద ముద్ర

పోయిన వారం ఓడిల్ సూబ్రాన్‌ను ఖాళీ సొరుగు ముందు నిలబెట్టి వదిలేశాం. ఆవిడ ఇంటికి వెళ్ళి, కాచుకున్న సూప్ ముట్టకుండానే పడుకుని, గురువారం తెల్లవారగానే మళ్ళీ వచ్చి అదే సొరుగు ముందు నిలబడింది. ఎన్నిసార్లు లాగి చూసినా సొరుగు ఖాళీగానే ఉంది.

ఈ వారమే మనతో కలిసినవారికి రెండు ముక్కలు చెప్పాలి. మోంతారెల్ రెండువందల పన్నెండుమంది ఉన్న కొండ ఊరు. ఓడిల్ దానికి మేయరు, అంతకుముందు ముప్పై నాలుగేళ్ళు ఆ కొండదారుల్లోనే ఉత్తరాలు పంచిన మనిషి. ఫ్రాన్సు అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే ఐదువందలమంది ప్రజాప్రతినిధుల సంతకాలు కావాలి. ఒక్కొక్కరికి ఒక్క కాగితమే వస్తుంది, దాని మీద ఒక్క పేరే రాయాలి, పంపాక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఎవరు ఎవరికి పెట్టారో దేశమంతా చూసేలా మంగళవారం, శుక్రవారం జాబితాలు ప్రకటిస్తారు. గడువు రేపు, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు. సంప్రదాయ పక్షం నాయకుడు థిబో ద వాల్‌క్రోజ్‌కి మంగళవారం జాబితా నాటికి ఇంకా తొమ్మిది తక్కువ. తనకొచ్చిన కాగితాన్ని ఓడిల్ ఎవరికీ ఇవ్వకుండా, ఏ పేరూ రాయకుండా, ఆఫీసు సొరుగులో తాళం వేసి పెట్టుకుంది. ఆ కాగితమే మాయమైంది.

ఆవిడకి భయం వేసింది. పదిరోజులుగా ఉన్నదే, ఇవాళ ముదిరింది. వాల్‌క్రోజ్ మనుషులు "మాట ఇచ్చిన మేయర్లు" అంటూ ఆవిడ పేరు కూడా చేర్చి ఒక పట్టిక ఇంటర్నెట్‌లో పెట్టినప్పటినుంచి ఇంటికీ ఆఫీసుకీ ఫోన్లు వస్తున్నాయి. ఎత్తితే మాట ఉండదు, ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది. సంతకం పెట్టమని బెదిరిస్తున్నారో, వద్దని బెదిరిస్తున్నారో కూడా తెలియదు. కుక్కలున్న ఇళ్ళకి కూడా జంకకుండా ఉత్తరాలు ఇచ్చి వచ్చిన మనిషి, ఇప్పుడు ఫోను మోగితే కుర్చీ చేతులు పట్టుకుంటోంది.

ఎనిమిదిన్నరకి నవాల్ వచ్చింది. మేయరు ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి ఆమె. పదమూడేళ్ళుగా జననాలు, మరణాలు, పెళ్ళిళ్ళు, నీటి పైపులు అన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తున్నాయి. తలుపు మూయకముందే ఓడిల్ అడిగేసింది.

"నవాల్, సొరుగులో కాగితం ఏమైంది?"

"ఏ కాగితం మేడం?"

"తెలీనట్టు అడక్కు. తాళం నా దగ్గరుంది. నేను ఊళ్ళో తిరుగుతుంటే ఈ గదిలో ఉండేది నువ్వే."

నవాల్ మఫ్లర్ విప్పి, మడిచి, కుర్చీ వీపు మీద వేసింది. "నేను తీశాననుకుంటున్నారా?"

"వాల్‌క్రోజ్ గెలిస్తే నీ ఉద్యోగం పోతుంది. నేనెక్కడ సంతకం పెట్టేస్తానోనని భయపడి తీశావేమో. తప్పుపట్టడం లేదు, చెప్పు చాలు."

"భయపడ్డాను. ఆయన పన్నెండో హామీ చదివినప్పటినుంచి రోజూ భయపడుతూనే ఉన్నాను. రెండు దేశాల పౌరసత్వం ఉన్నవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండకూడదట! నేను పుట్టింది కింద బ్రియూజ్ పట్నం ఆస్పత్రిలో మేడం. మా నాన్న టైర్ల ఫ్యాక్టరీలో నడుం విరగ్గొట్టుకున్నాడు. మొరాకో పౌరసత్వం నేను అడిగి తెచ్చుకున్నది కాదు, వదులుకుంటానన్నా వాళ్ళు వదలరు." నవాల్ కుర్చీ వీపు మీది మఫ్లర్‌ని సరిచేసింది. "అయినా నేను దొంగని కాను. దొంగతనమే చెయ్యాలంటే ముందు మీ పెన్ను ఎత్తుకుపోయేదాన్ని. చదవకుండా సంతకాలు పెట్టడమైనా మానేసేవారు."

ఆ మాట అనేసి తనే ఆగిపోయింది. ఓడిల్ కూడా ఆమె మొహంలోకి చూసింది. ఇద్దరూ ఒక్కసారే అలమార వైపు తిరిగారు.

అలమారలో సంతకాల ఫైలు ఉంది. ఎర్ర అట్టలు, లోపల తడి సిరా పీల్చుకునే ఇరవై దళసరి అద్దుడు కాగితపు ఆకులు. ప్రతి ఆకుకీ మధ్యలో రెండు చిల్లులుంటాయి, కింద సంతకానికి కాగితం ఉందో లేదో వాటిలోంచి తెలిసిపోతుంది. నవాల్ కాగితాలు అమర్చి ఇస్తుంది. ఓడిల్ ప్రతి సోమవారం పొద్దున్న కోటు కూడా విప్పకుండా, నిలబడే, ఆకు తిప్పడం, గీకడం, ఆకు తిప్పడం, గీకడం. చదవండి మేడం అని నవాల్ పదమూడేళ్ళుగా చెబుతూనే ఉంది. నువ్వు చదివావు కదా అని ఆవిడ జవాబు. ఫ్రాన్సులో ఏ ఊరి మేయరుని అడిగినా, నిజం చెప్పే ధైర్యం ఉంటే, నేనూ అంతేనంటాడు.

"ఈ ఫైలు కొత్తది. సోమవారమే మొదటిసారి వాడాం," అంది నవాల్, బల్ల మీద పరిచి. "పధ్నాలుగు కాగితాలు పెట్టాను. నోటుబుక్కులో రాసుకున్నాను."

ఒక్కొక్క ఆకూ తిప్పారు. ప్రతి దాని మీదా ఓడిల్ సంతకం తిరగబడి నీలంగా అద్దుకుని ఉంది. పధ్నాలుగు అయ్యాయి. పదిహేనో ఆకు మీద కూడా ఉంది. ఆ సంతకం పక్కనే గుండ్రంగా, సగం మరకలా, ఊరి ముద్ర ఉంది.

"ముద్ర నేను మీ సంతకం అయ్యాకే వేస్తాను, ఫైల్లోంచి తీశాక," అంది నవాల్ మెల్లగా. "ఇది ముందే వేసి పెట్టారు. తడి ఆరనివ్వకుండా దూర్చేశారు."

ఓడిల్ ఆ ఆకు మీద వేలు పెట్టి చూసింది. ఎవరో తన చేతిరాత దొంగిలిస్తారని నిన్నంతా వణికింది. తీరా చూస్తే ఎవరూ దేన్నీ దొంగిలించలేదు. సంతకం తనే పెట్టింది, మంచి సిరాతో, తన పెన్నుతో. సొరుగుకి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలుసు. మొదటి ఉపమేయరు దగ్గర ఉంటుంది, అదే పద్ధతి.

"నవాల్, ఇందాక నేనన్న మాట…"

"అది తర్వాత మేడం. ముందు ఆయన్ని పిలవండి."

ఎలోయ్ లాస్కోంబ్ పావుగంటలో వచ్చాడు, కొట్టంలోంచి నేరుగా, బూట్లకి గడ్డి అంటుకుని. ఓడిల్ భర్త శవపేటికని ముందు వైపు మోసిన మనిషి అతను. అతని కూతురు మెలీన్‌కి జ్ఞానస్నానం నాడు దైవమాతగా నిలబడింది ఓడిల్. నలభై ఏళ్ళ స్నేహం. అతను బల్ల మీద తెరిచి ఉన్న ఫైలుని చూశాడు, టోపీ తీశాడు.

"చూశావన్నమాట."

"కాగితం ఎక్కడ ఎలోయ్?"

"మంగళవారం పొద్దున బ్రియూజ్‌లో పోస్టు చేశాను. ఈపాటికి పారిస్‌లో ఉంటుంది. ఉత్తరం ఎన్నాళ్ళకి చేరుతుందో నీకు నేను చెప్పాలా?"

"ఇది ఫోర్జరీ!"

"ఫోర్జరీ ఎట్లా అవుతుంది? పెన్ను నీది, చెయ్యి నీది. పైన పేరు అచ్చక్షరాల్లో రాసి ఫైల్లో దూర్చాను, నవాల్ తెరిచేలోగా తీసేసుకున్నాను, అంతే. చదువుకోవద్దని నీ చెయ్యి ఎవరైనా పట్టుకున్నారా?" అని ఎలోయ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పొద్దున వాల్‌క్రోజ్ వాళ్ళు ఫోన్ చేశారు. నిన్న ఎనిమిది వచ్చాయట. నీదే తొమ్మిదోది. ఐదువందలూ అయిపోయాయి మేయరమ్మా, నీ చేతిమీదుగా."

ఓడిల్ లెక్క వేసుకుంది. రేపు జాబితా వస్తుంది. ఐదువందవ పేరు ఎవరిదని పత్రికలు వెతుక్కుంటూ వస్తాయి. ఊపిరి వినిపించే ఫోన్లు ఇక ఊపిరితో ఆగవు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఆ మనిషి గెలిచి, చెప్పింది చెప్పినట్టు చేస్తే, అందులో తన చెయ్యి ఉంటుంది.

"పుట్టగొడుగుల సంతలో వాల్‌క్రోజ్ చెయ్యి పట్టుకుని ఏమన్నావు?" అన్నాడు ఎలోయ్. "ప్రసూతి వార్డు తెరిపిస్తానంటే సంతకమేం ఖర్మ, రెండు చేతులూ ఎత్తుతానన్నావు. నేను పక్కనే ఉన్నాను. మాట నిలబెట్టుకోనిది నువ్వు."

"అన్నాను. అప్పటికి ఆ వార్డు గురించిన ఏడో హామీ ఒక్కటే చదివాను. తర్వాత పుస్తకమంతా చదివాను."

ఓడిల్ సంచిలోంచి రెండు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి వాల్‌క్రోజ్ హామీల పుస్తకం, నున్నటి కాగితం, ఇరవైమూడు హామీలు. ఇంకొకటి పత్రికలూ పుస్తకాలూ కూడా అమ్మే పొగాకు దుకాణంలో కొన్న రాజ్యాంగం, చిన్నది, అప్పుడే మూలలు నలిగిపోయింది. రెండింటి నిండా పెన్సిలు గీతలు. చలికాలమంతా ఆవిడ వంటింట్లో కూర్చుని ఒకదాన్ని ఇంకోదానితో సరిచూసింది.

"నేను ఆయనకి శత్రువుని కాను ఎలోయ్. చూడు, పదహారింటికి టిక్కు పెట్టాను. కొన్ని నాకు నచ్చవు, అయినా అవి గెలిచినవాడి ఇష్టం. పల్లె బడులు మూయనన్నాడు, మంచిదే. ఐదింటి దగ్గర నాకే అర్థంకాక ప్రశ్న గుర్తు వేసుకున్నాను. రెండు మాత్రం కొట్టేశాను, పన్నెండూ పంతొమ్మిదీ. పుట్టుక చూడకుండా పౌరులందరూ సమానమని మొదటి అధికరణమే చెబుతోంది. పన్నెండు దానికి ఎదురు. పంతొమ్మిది ఇంకా ఘోరం. రాజ్యాంగం మార్చాలంటే ముందు రెండు సభలూ ఒప్పుకోవాలి. ఈయన సభల్ని పక్కనబెట్టి నేరుగా జనం ఓటుకి పెడతాడట. అది నెగ్గాక ఏ కోర్టూ, ఏ మండలీ దాని జోలికి రాకూడదట."

"జనాన్ని అడుగుతానంటున్నాడు. అందులో తప్పేముంది? జనమంటే భయమా నీకు?"

"భయమే!" ఓడిల్ గట్టిగా అరిచేసింది. "ఫోన్ చేసి ఊపిరి వినిపించేది కూడా జనమే కదా. అడగడం మంచిదే. ఒకసారి అడిగి, ఆ తర్వాత ఇది తప్పు అని చెప్పేవాడెవడూ లేకుండా చేసుకుంటానంటున్నాడే, దానికి భయం."

ఎలోయ్ రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. గోళ్ళలో మట్టి. చాలా నెమ్మదిగా మాట్లాడాడు, అరిచినా బాగుండేది.

"ఆ రోజు కార్లో వెనక సీట్లో నువ్వున్నావు. మెలీన్ నొప్పులతో నీ పక్కనే ఉంది. బ్రియూజ్ వార్డు మూసేశారు కాబట్టి డెబ్భై కిలోమీటర్లు, మంచులో. ఆరు కూడా వెళ్ళలేదు. బిడ్డ నీ చేతుల్లోకే వచ్చింది, నీ చేతుల్లోనే పోయింది. అప్పుడెక్కడుంది ఓడిల్ నీ మొదటి అధికరణం? అందరూ సమానమంటే పారిస్‌లో పుట్టే బిడ్డా, ఇక్కడ పుట్టే బిడ్డా సమానమేనా? ఆ మాట ఎవరు పట్టించుకున్నారు? మూడు ప్రభుత్వాలకి ఉత్తరాలు రాశాం. మన రోడ్డు మీదికి వచ్చి, నా కళ్ళలోకి చూసి, తెరుస్తానన్నవాడు ఆయనొక్కడే."

  ఆ బిడ్డ బరువు ఇంకా ఓడిల్ మోచేతుల మీదే ఉంది. పుస్తకం చదివినంత సేపూ ఏడో హామీ దగ్గరికి వచ్చేసరికి, టిక్కు పెట్టినదే అయినా, పెన్సిలు పక్కన పెట్టేసేది.

పుస్తకం మూసి అంది, "నువ్వన్నది నిజం. నేను కాదనను. కానీ రేపు ఆయన గెలిచి వార్డు తెరవలేదనుకో, ఎవరిని అడుగుతావు? ఇవాళైతే కోర్టుకి పోతావు. పంతొమ్మిదోది అయిపోయాక వెళ్ళడానికి తలుపుండదు. మాట తప్పితే అడిగే చోటు కూడా ఆయనే మూసేస్తాడు."

"తప్పడు."

"నువ్వు నన్ను అడిగావా మరి? నేను కూడా జనంలో మనిషినే కదా. పధ్నాలుగు కాగితాల వెనక పెట్టి, నేను చదవనని తెలిసే సంతకం పెట్టించుకున్నావు. ఆయన దేశంతో చెయ్యబోయేదీ అదే ఎలోయ్."

ఎలోయ్ మొహం ఎర్రబడింది. తలుపు దగ్గర నిలబడ్డ నవాల్ అప్పుడు మాట్లాడింది.

"ఆ పాప పేరు రిజిస్టరులో రాసింది నేను, ఎలోయ్ గారూ. మెలీన్ ఏ పేరు చెప్పిందో మీకు వినబడలేదు, బయట గోడకి ఆనుకుని ఉన్నారు. నేను రెండుసార్లు అడిగి, తప్పు లేకుండా రాశాను. ఆ పుస్తకం నేను ముట్టుకోకూడదంటున్నాడు మీ నాయకుడు."

"అది నీ గురించి కాదు నవాల్."

"మరి ఎవరి గురించండీ?"

ఎలోయ్ కిటికీ వైపు తిరిగాడు. ఓడిల్ ఫోను దగ్గరికి లాక్కుని పారిస్‌లో ఈ సంతకాలు లెక్కపెట్టే రాజ్యాంగ మండలి నంబరు నొక్కింది. ఊరి పేరూ తన పేరూ చెప్పి, తన కాగితం గురించి ఒక తప్పు చెప్పుకోవాలంది. అవతలివారు వివరాలు తీసుకుని, కాసేపట్లో తామే చేస్తామన్నారు. మాట్లాడుతున్నది నిజంగా మీరేనని మాకు తెలియాలి కదా మేడం, అన్నారు మర్యాదగా.

ముగ్గురూ ఎదురుచూశారు. గోడ మీద ఫ్రాన్సు గణతంత్రానికి గుర్తైన మరియాన్ బొమ్మ కింద గది వేడిచేసే రేడియేటరు టకటకమంటోంది.

ఫోను మోగింది. ఓడిల్ అందరికీ వినబడేలా మీట నొక్కింది. "మోంతారెల్ మేయరుని."

మాట లేదు. ఊపిరి, లోపలికీ బయటికీ, తొందర లేకుండా. ఎలోయ్ గిరుక్కున తిరిగాడు. అతను దాన్ని వినడం అదే మొదటిసారి.

"ఎవర్రా అది?" అని అరిచాడు. లైను కట్టయింది. "ఎన్నాళ్ళ నుంచి ఇది? నాకెందుకు చెప్పలేదు?"

"నీ వాళ్ళేమోననుకున్నాను," అంది ఓడిల్.

ఎలోయ్ ఏదో అనబోయాడు. మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఆవిడ మీట నొక్కడానికి నవాల్ చేయి పట్టుకోవాల్సి వచ్చింది.

ఒక స్త్రీ గొంతు వినిపించింది, చిన్న వయసే. "మేడం సూబ్రాన్ గారా? మీ పత్రం ఈ ఉదయం మాకు అందింది. మొదట ఒకటే అడగాలి. దాని మీద సంతకం మీది కాకపోతే పక్కన పెడతాం, మిగతాది ప్రాసిక్యూటరు చూసుకుంటారు. మీదే అయితే, మనసు మార్చుకున్నానంటే వెనక్కి ఇవ్వడానికి చట్టంలో దారి లేదు. సంతకం మీదేనా?"

కాదు అంటే చాలు. ఆ ఒక్క మాటతో వాల్‌క్రోజ్ ఇంటికి వెళతాడు, నవాల్ తన కుర్చీలో తను ఉంటుంది, పంతొమ్మిదో హామీ నున్నటి కాగితం మీదే ఉండిపోతుంది. ఎలోయ్ మాత్రం చేయని ఫోర్జరీకి జైలుకి పోతాడు. ఓడిల్‌కి అబద్ధమన్నా భయంగానే ఉంది, నిజమన్నా భయంగానే ఉంది. ఎలోయ్ వైపు చూసింది. అతని పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. కాదను అంటున్నాడో, అవునను అంటున్నాడో ఆవిడకి తెలియలేదు.

"సంతకం నాదే," అంది ఓడిల్.

నవాల్ కళ్ళు మూసుకుంది.

"అలాగైతే మేడం…"

"ఆగమ్మా, ఇంకా ఉంది. సంతకం నాదే, ఆ పేరు మాత్రం నేను ప్రతిపాదించలేదు. వేరే కాగితాల్లో కలిపి నా చేత పెట్టించారు. చదవకపోవడం నా తప్పు, అది కూడా రాసుకోండి. అద్దుడు కాగితం మీద ముద్ర ఉంది, పంపుతాను."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "రాసుకున్నాను. మండలి సభ్యుల ముందు పెడతాను. కానీ మేడం, జాబితా వచ్చే ముందు రోజు భయపడి ఇలా చెప్పేవాళ్ళు ఉంటారు. మీ మాట ఒక్కటే సరిపోతుందని చెప్పలేను. ఆ పని చేసినవారెవరో తెలుసా? వారే చెబితే వేరే సంగతి."

"ఇక్కడే ఉన్నారు," అని ఓడిల్ ఫోనుని బల్ల మీద అవతలి వైపుకి తోసింది.

ఎలోయ్ ఫోను వంక చూశాడు. నిజం చెబితే నేరం ఒప్పుకున్నట్టు, పైగా ఐదువందల్లో ఒకటి తగ్గుతుంది, వార్డు తెరుస్తానన్న ఒకే ఒక్కడు రేపు సాయంత్రానికి బరిలోనే ఉండడు. ఊరుకుంటే ఓడిల్ సంతకం చెల్లుతుంది. అతను టోపీని మోకాలి మీద పెట్టుకుని, ఫోను మీదికి వంగాడు.

"మీ పేరు చెప్పండి సార్."

"ఎలోయ్ లాస్కోంబ్. మొదటి ఉపమేయరుని."

"మేయరు గారు చెప్పింది నిజమేనా?"

ఎలోయ్ తెరిచి ఉన్న ఫైల్లో పదిహేనో ఆకు వైపు చూశాడు. 

"మీకు పిల్లలున్నారా అమ్మా?" అన్నాడు.

(మిగతాది వచ్చే వారం)